నాటు మందు వికటిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

మా మందుల షాపుకి చీటీ పట్టుకొచ్చేవాళ్ళు కొందరైతే, ప్రశ్న పట్టుకొచ్చేవాళ్ళు ఇంకొందరు. "ఈ వేరు నూరి తాగితే మోకాళ్ళ నొప్పులు పోతాయటగా?", "పిల్లాడికి వస పోశాం, అప్పటినుంచీ వాంతులు ఆగట్లేదు, ఏదైనా చుక్కల మందు ఇవ్వండి." ఇలా ఏళ్ళ తరబడి విన్న ప్రశ్నలు, వాటికి నేను చెబుతూ వచ్చిన జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాను. ఆయుర్వేదం మీద నాకు కోపం లేదు. మా ఇంట్లో త్రిఫల చూర్ణం డబ్బా ఎప్పుడూ ఉంటుంది. నా బాధల్లా, శుద్ధి చేయడం తెలియని వాళ్ళు విషపు గింజలు చేతిలోకి తీసుకోవడం గురించే.

చెట్టు మందే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఎందుకుంటాయి?

గన్నేరు చెట్టే. ముష్టి చెట్టే. ఉమ్మెత్త మన ఇంటి వెనక మొలిచే మొక్కే. చెట్టు తనను తాను కాపాడుకోవడానికి విషం తయారుచేసుకుంటుంది, మన మోకాళ్ళ కోసం కాదు.

మరి ముష్టి గింజలు, వత్సనాభి లాంటివి ఆయుర్వేద మందుల్లోనే వాడతారుగా?

వాడతారు. ఆనందభైరవి, మృత్యుంజయ రసం, త్రిభువనకీర్తి రసం లాంటి వాటిలో వత్సనాభి ఉంటుంది. అయితే అది పచ్చి వేరు కాదు. పాత గ్రంథాల్లో విషద్రవ్యం పేరు రాసిన ప్రతిచోటా ముందు "శుద్ధ" అన్న మాట ఉంటుంది. వాట్సాప్‌లో తిరిగే చిట్కాలో మొదట రాలిపోయేది ఆ ఒక్క మాటే.

శుద్ధి అంటే కడగడం కాదు. వత్సనాభి వేరును ముక్కలు కోసి, గోమూత్రంలో నానబెట్టి, రోజూ ఆ ద్రవం మారుస్తారు. లేదా గుడ్డలో మూటకట్టి, కుండకి అడ్డంగా పెట్టిన కర్రకి వేలాడదీసి, మూట అడుగుకి తగలకుండా ఆవుపాలలో మునిగేలా చేసి గంటల తరబడి ఉడికిస్తారు. దాన్నే దోలాయంత్రం అంటారు. ఆ వేరులో ఉన్న అకొనిటిన్ అనే విషం ఎక్కువసేపు ఉడికితే విడిపోయి, చాలా తక్కువ విషమున్న పదార్థాలుగా మారుతుందని ఇప్పటి రసాయన శాస్త్రం కూడా ఒప్పుకుంటోంది. చైనా వైద్యంలోనూ ఇదే జాతి వేరును ఇలాగే ఉడికించి వాడతారు. హాంకాంగ్‌లో దీనివల్ల ఆసుపత్రి పాలైనవారిలో చాలామందికి కారణం సరిగ్గా ఉడకకపోవడమో, మోతాదు ఎక్కువవడమో అని తేలింది.

ముష్టి గింజల పని ఇంకా పెద్దది. రోజుల తరబడి నానబెట్టాలి, పాలలో ఉడికించాలి, పైతొక్క, లోపలి మొలక తీసేయాలి, చివరికి నేతిలో వేయించాలి. నల్లజీడి గింజల్ని ఇటుక పొడిలో వేసి రుద్ది ఆ నూనెను పీల్పిస్తారు. ఒట్టి చేతులతో పట్టుకుంటే ఆ నూనెకి చర్మం బొబ్బలెక్కుతుంది. గురివింద గింజలో ఉన్న అబ్రిన్ అనే ప్రోటీన్ వేడికి చెడిపోతుంది కాబట్టే దాన్ని పాలలోనో గంజిలోనో ఉడికిస్తారు. అలా ఉడికించాక మిగిలిన పాలు పారబోయాలి. ఆ పాలు విషం దిగిన పాలు. "పాలు వృథా ఎందుకు" అని తాగితే శుద్ధి అంతా తిరగబడుతుంది.

ఇంత పనిని గ్యాస్ పొయ్యి మీద ఇరవై నిమిషాల్లో ముగించేవాళ్ళు ఉన్నారు. ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

మా తాతల కాలం నుంచీ వాడుతున్నాం. అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదే?

అయ్యేది. దాన్ని వేరే పేరుతో పిలిచేవాళ్ళు. పసిపిల్ల పొద్దున ఆడుకుని సాయంత్రానికి వాలిపోతే దిష్టి తగిలిందనేవాళ్ళు, గాలి సోకిందనేవాళ్ళు. కారణం ఉగ్గుగిన్నెలో ఉందని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు.

రెండో సంగతి. అప్పట్లో మందు నూరే మనిషికి ఆ మొక్క చిన్నప్పటినుంచీ పరిచయం. ఏ కాలంలో కోయాలి, ఎంత నూరాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నది చేతికి తెలుసు. ఇప్పుడు ఆ మనిషి లేడు, ఆయన చెప్పిన మాటలో సగం మిగిలింది. ఆ మిగతా సగమే ముఖ్యమైనది.

ఉమ్మెత్త రసం కరోనాకి మంచిదని తాగిన కథ నిజమేనా?

నిజమే. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో కొందరు టిక్‌టాక్‌లో వీడియో చూసి ఉమ్మెత్త కాయల రసం తాగి ఆసుపత్రిలో పడ్డారు. కాయ మీద ముళ్ళు కరోనా వైరస్ బొమ్మలా ఉన్నాయి కాబట్టి దానికి ఇదే విరుగుడన్నది ఆ వీడియో చెప్పిన తర్కం. నవ్వొస్తుంది కానీ, ఆ రోజుల్లో మనకి ఎంత టెన్షన్ ఉండిందో గుర్తు తెచ్చుకుంటే నవ్వలేం.

ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపొలమైన్ ఉంటాయి. నోరు ఎండిపోతుంది, ఒళ్ళు కాలుతుంది కానీ చెమట పట్టదు. కంటిపాప పెద్దదై వెలుతురు చూడలేరు. గుండె దడదడలాడుతుంది, మూత్రం బిగుసుకుపోతుంది. తర్వాత లేనివి కనిపిస్తాయి, గాలిలో ఏదో ఏరుతున్నట్టు వేళ్ళు కదుపుతారు. "పిచ్చెక్కింది", "దయ్యం పట్టింది" అని గుడికి తీసుకెళ్ళడం ఇక్కడే జరుగుతుంది. ఒక మొక్కలో ఉన్నంత విషం పక్క మొక్కలో ఉండదు. కాబట్టి "పోయినసారి రెండు ఆకులు తిన్నా ఏం కాలేదు" అన్నది లెక్కలోకి రాదు.

పసిపిల్లలకి వస పోయొచ్చా? మాటలు త్వరగా వస్తాయంటారు.

ఎక్కువ మాట్లాడేవాళ్ళని వసపిట్ట అనడం మనకి అలవాటు. వసకొమ్ము దీపం మీద కాల్చి, సాన మీద తల్లిపాలతో కొన్ని గీతలు అరగదీసి, నాలుకకి రాయడం పాత పద్ధతి. మా నాయనమ్మ చేసేది నేను చూశాను. మూడు గీతలు గీసి ఆపేది. "నాలుగోది ఎందుకు వద్దు?" అంటే చెప్పేది కాదు. సాన కడిగి పక్కన పెట్టేసేది.

ఇప్పుడు జరుగుతున్నది వేరు. వసపొడి డబ్బాలో దొరుకుతోంది. కాల్చరు, గీతల లెక్క లేదు, చెంచాతో కలిపి పోస్తారు. పిల్లలు ఆగకుండా వాంతులు చేసుకుంటారు, మగతగా పడిపోతారు. వసలో బీటా-అసరోన్ అనే పదార్థం ఉంటుంది. జంతువులపై పరీక్షల్లో అది క్యాన్సర్ కలిగించిందని అమెరికా 1968లోనే వసను ఆహారంలో కలపడం నిషేధించింది. నాలుకకి రాసే ఆ కాస్త వల్ల క్యాన్సర్ వస్తుందని నేను అనను. కానీ మాటలు వస పోస్తే రావు, పిల్లలతో మాట్లాడితే వస్తాయి. కాబట్టి నా జవాబు: వద్దు.

ఆముదం?

గింజ వేరు, నూనె వేరు. ఆముదపు గింజలో ఉండే రిసిన్ భయంకరమైన విషం, కానీ నూనెలోకి రాదు, పిండిలో మిగిలిపోతుంది. మన పాత వంటాముదం పద్ధతి చూడండి: గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి, పైకి తేలిన నూనె తీస్తారు. అంత వేడికి రిసిన్ నిలవదు. తెలిసి చేశారో తెలియక చేశారో, గొప్ప పద్ధతి. పచ్చి గింజలు నూరి "విరేచనాల మందు" అని ఇచ్చేవాళ్ళు ఆ వేడిని వదిలేశారు.

ఇక పురిటి బిడ్డకి ఉగ్గులో ఆముదం పోయడం మాత్రం నూనె ఎంత మంచిదైనా ప్రమాదమే. పిల్ల ఏడుస్తుంటే ముక్కు మూసి పోస్తారు. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయడం కూడా అంతే.

తేనె నాకించడం?

ఏడాది నిండే దాకా వద్దు. ఎంత స్వచ్ఛమైన తేనెలోనైనా బొటులిజం క్రిమి బీజాలు ఉండొచ్చు. పెద్దల పేగు తట్టుకుంటుంది, పసిపేగు తట్టుకోదు. మలబద్ధకంతో మొదలై, ఏడుపు బలహీనపడి, మెడ నిలవక, ఒళ్ళు వాలిపోతుంది.

జలుబుకి కర్పూరం, నీలగిరి తైలం, నులిపురుగులకి వేపనూనె?

ఈ మూడూ పిల్లలకి తాగించకూడదు. ప్రాణం మీదకి రావడానికి చెంచాడు చాలు.

హారతి కర్పూరం లోపలికి పోయిన కొద్ది నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. కొబ్బరినూనెలో కరిగించి పాలుతాగే పిల్లల ఛాతీకి, ముక్కు దగ్గర రాసినా ఒంట్లోకి ఇంకుతుంది. నీలగిరి తైలం కూడా ఫిట్స్ తెస్తుంది. వేపనూనె గురించి మనవాళ్ళకి అసలు అనుమానమే రాదు. వేప అంటే అమ్మవారు కదా. మలేసియాలో 1980ల తొలినాళ్ళలో 13 మంది పసిపిల్లలు వేపనూనె తాగించాక వాంతులు, మగత, ఫిట్స్‌తో ఆసుపత్రిలో చేరారు. పిల్లలకి పోసింది 5 నుంచి 30 మిల్లీలీటర్లు, అంతే. కాలేయం, మెదడు రెండూ దెబ్బతిన్నాయి.

మా షాపుకి ఒకావిడ మూత ఊడిన సోడా సీసా పట్టుకొచ్చింది. సీసా మీద చీటీ లేదు. "మామిడికాయ పచ్చడికి తెచ్చిన నూనె పక్కనే ఉంది, అమ్మాయి పొరపాటున చెంచాడు తాగింది, ఇదేంటో చెప్పండి" అంది. సీసా మూతి వాసన చూడగానే నీలగిరి అని తెలిసింది. అప్పటికి పాప బాగానే నవ్వుతోంది. అయినా ఆటో పిలిచి ఆసుపత్రికి పంపించాను. దారిలో ఫిట్స్ వచ్చిందని తర్వాత తెలిసింది. పాప బతికింది. ఆ సీసా అరలో తేనె సీసా పక్కన ఉండేదట.

సొరకాయ జ్యూస్ కూడా విషమేనా? అది కూరగాయ కదా!

ఆనపకాయ జ్యూస్ తియ్యగానో చప్పగానో ఉంటే దానంతట అది విషం కాదు. చేదుగా ఉంటే విషం. దోస, సొర జాతి కాయలన్నిట్లో కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలుంటాయి. ఎండలకి, నీటి ఎద్దడికి, కొన్నిసార్లు విత్తనం తేడాకి అవి పెరిగిపోతాయి. బయటికి కాయ నిగనిగలాడుతూ ఉంటుంది. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి చనిపోయాక భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిపుణుల కమిటీ దీన్ని పరిశీలించింది. వాళ్ళు చెప్పింది మన వంటింటి మాటే: కాయ కోసిన వెంటనే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడు, చేదుంటే పారెయ్.

కూర వండేటప్పుడు మనం ఇదే చేస్తాం. చేదు ముద్ద ఎవరూ మింగరు. జ్యూస్ దగ్గరికొచ్చేసరికి "చేదుంటే షుగర్‌కి ఇంకా మంచిది" అని ముక్కు మూసుకుని గ్లాసుడు తాగుతారు. కాసేపటికే కడుపునొప్పి, వాంతులు, రక్తపు వాంతులు, బీపీ పడిపోవడం. దీనికి విరుగుడు మందు లేదు, ఆసుపత్రిలో సెలైన్లతో కాపాడుకోవాలి. ఇంకోమాట, కాకర రసంతో కలిపి చేయొద్దు. కాకర చేదులో సొర చేదు దాక్కుంటుంది.

కామెర్లకి పసరు మందు పనిచేస్తుందిగా? మా వీధిలో పదిమందికి తగ్గింది.

నీళ్ళ వల్ల, తిండి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ తగ్గే వారాల్లో ఏ పసరు తాగినా పేరు పసరుకే వస్తుంది. పిత్తనాళంలో రాయి ఉన్నవాళ్ళకో, హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకో, క్యాన్సర్ ఉన్నవాళ్ళకో ఆ వారాలే ప్రాణాధారం. పైగా కాలేయం అప్పటికే అలసిపోయి ఉంది, తెలియని ఆకు దాని మీద ఇంకో మూట. ఏ ఆకో వైద్యుడు చెప్పడు. "చెబితే మందు పనిచేయదు" అంటాడు. ఏమిచ్చాడో తెలియకపోతే రేపు వికటించినప్పుడు డాక్టర్ దేనికి వైద్యం చేయాలి?

కంట్లో, ముక్కులో పసరు పిండడం ఇంకా ఘోరం. కంటి చుక్కలు సూక్ష్మజీవులు లేకుండా తయారవ్వాలి. 2021లో కరోనాకని ఆనందయ్య ఇచ్చిన కృష్ణపట్నం మందుకి జనం బారులు తీరినప్పుడు కూడా రాష్ట్ర ప్రభుత్వం మిగతా వాటికి ఒప్పుకుని కంటి చుక్కలకి మాత్రం అనుమతి ఇవ్వలేదు.

ఒక మొక్క అనుకుని ఇంకోటి వాడేయడం నిజంగా జరుగుతుందా?

నేను చూసినంతలో ఎక్కువ జరిగేది ఇదే. షుగర్‌కి బిళ్ళగన్నేరు ఆకు మంచిదని ఎవరో అంటారు. వినేవాడికి "గన్నేరు" మాత్రమే గుర్తుంటుంది. గన్నేరు, పచ్చగన్నేరు రెండూ గుండెని ఆపేసే మొక్కలు. బిళ్ళగన్నేరు అయినా తక్కువది కాదు, క్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్ దాన్నుంచే తీస్తారు. అడవి ఆముదం, ఆముదం పేర్లు కలుస్తాయి. 2020 చివర్లో ముంబైలో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని డాక్టర్లు రాస్తే, అది తిప్పతీగ కాదు, దాన్ని పోలిన ఇంకో తీగ అయ్యుండొచ్చని ఆయుష్ వర్గాలు అన్నాయి. ఎవరి మాట నిజమైనా కొనేవాడికి ఆ రెండు తీగల తేడా తెలియదన్నది మిగిలింది.

పేరు తప్పిపోతే ఎంత దూరం పోతుందో 1990ల మొదట్లో బెల్జియం చూసింది. బ్రస్సెల్స్‌లో ఒక సన్నబడే క్లినిక్ ఇచ్చిన మాత్రల్లో "హాన్ ఫాంగ్ జీ" అనే చైనా మూలికకి బదులు "గ్వాంగ్ ఫాంగ్ జీ" కలిసింది. రెండోది అరిస్టలోకియా జాతి. వంద మందికి పైగా స్త్రీలకి కిడ్నీలు పాడయ్యాయి, చాలామందికి తర్వాత మూత్రనాళంలో క్యాన్సర్ కూడా వచ్చింది. మన పొలాల గట్ల మీద ఉండే గాడిదగడపాకు, పాముకాటుకి వాడే ఈశ్వరి వేరు అదే జాతివి. అన్నట్టు, పాము కరిస్తే ఈశ్వరి వేరు వెతుక్కుంటూ కూర్చోకండి. విరుగుడు ఇంజెక్షన్ ప్రభుత్వాసుపత్రిలో ఉంటుంది.

భస్మాలు వాడొచ్చా?

నాగభస్మం అంటే సీసం. రససింధూరంలో ఉండేది పాదరసం. హరితాళం అంటే ఆర్సెనిక్. పేర్లు సంస్కృతంలో ఉండేసరికి గౌరవంగా వినిపిస్తాయి.

భస్మం పక్వమైందో లేదో చూడటానికి పాతవాళ్ళకి పరీక్షలున్నాయి. చూపుడు వేలికి, బొటనవేలికి మధ్య రుద్దితే వేలి గీతల్లోకి దూరిపోవాలి. నీళ్ళ మీద చల్లితే తేలాలి. లోహపు మెరుపు ఉండకూడదు. ఒక్కో భస్మానికి పదుల సంఖ్యలో పుటాలు పెట్టాలి, అంటే పిడకల మంటలో అన్నిసార్లు కాల్చాలి. రెండు పుటాలకే ఆపేసినవి, తూకం కోసం సీసం కలిపి అమ్మేసేవి సంతల్లో పొట్లాల్లో దొరుకుతాయి. సరిగా పక్వమైన భస్మం హాని చేయదని ఆయుర్వేద వైద్యులు వాదిస్తారు. నా మటుకు నేను ఈ వాదంలో వాళ్ళ పక్క లేను. వేలి గీతల్లో దూరడం పొడి ఎంత మెత్తగా ఉందో చెబుతుంది. అందులో సీసం ఉందా లేదా అన్నది చెప్పదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళు ఇది బాగా వినాలి. 2008లో అమెరికన్ పరిశోధకులు ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే, దాదాపు ఐదింట ఒకదాంట్లో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికింది. ఇండియాలో తయారైనవీ, అమెరికాలో తయారైనవీ దాదాపు ఒకేలా ఉన్నాయి. న్యూయార్క్‌లో గర్భిణులకి ఇలాంటి మందుల వల్ల సీసం ఎక్కిన కేసులు కూడా నమోదయ్యాయి. గర్భంలో బిడ్డకి మాయ ద్వారా సీసం వెళ్ళిపోతుంది. "మగపిల్లాడు పుట్టే మందు", "పిల్లలు కలిగే మందు" అని ఊరి నుంచి సూట్‌కేసులో మోసుకెళ్ళేవాళ్ళు ఆలోచించాలి.

సీసం విషం మెల్లగా ఎక్కుతుంది. మెలిపెట్టే కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, నీరసం, కొందరికి చిగుళ్ళ అంచున నీలిగీత. అపెండిక్స్ అనుకుని ఆపరేషన్ దాకా వెళ్ళినవాళ్ళున్నారు. రక్తంలో సీసం పరీక్ష చేయమని మనమే అడగాలి. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు దాటితే ఎక్కడినుంచి వస్తోందో వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కొన్న సుర్మాలోనూ సీసం ఉండొచ్చు. ఆముదపు దీపం మసితో ఇంట్లో పట్టిన కాటుకకి ఆ బెడద లేదు.

రాగి చెంబులో కషాయం ఉంచితే?

మంచినీళ్ళకి రాగి చెంబు బాగుంటుంది. నిమ్మరసం, చింతపండు, మజ్జిగ, ఉసిరి తగిలిందా, రాగి కరిగి లోపలికి వస్తుంది. వాంతులు, కడుపులో మంట. ఇత్తడి గిన్నెలకి మన ఇళ్ళలో కళాయి పూయించేది ఇందుకే. కళాయి పోయిన గిన్నెలో చారు కాచేది కాదు మా అమ్మ. ఇప్పుడు కళాయి పూసేవాడు వీధిలోకి రావడం మానేశాడు, రాగి సీసాలు మాత్రం ఆన్‌లైన్‌లో వస్తున్నాయి.

మైలుతుత్తం కూడా రాగే. కక్కించడానికని, పళ్ళనొప్పికని ఇచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది ఎర్రరక్తకణాల్ని పగలగొట్టి కిడ్నీల్ని ఆపేస్తుంది.

రోజూ కషాయం తాగితే తప్పేంటి?

వారం తాగి మానేస్తే ఏం కాదు. నెలల తరబడి అతిమధురం వేసి తాగితే పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుంది. బీపీ మందు వేసుకునేవాళ్ళు దీన్ని గమనించరు, మాత్ర పనిచేయట్లేదని డోసు పెంచించుకుంటారు.

చేప చేదు తిత్తి మింగితే షుగర్ తగ్గుతుందా?

తగ్గదు. రవ్వ, బొచ్చె లాంటి చేపల పచ్చి పిత్తం మింగి కిడ్నీలు ఆగి డయాలసిస్‌కి వచ్చినవాళ్ళున్నారు.

ఒక్క పొట్లానికే ఆయాసం, నొప్పులు మాయమయ్యాయి. అంత మంచి మందుని అనుమానించాలా?

అందుకే అనుమానించాలి. మూలిక అంత గబగబా పనిచేయదు. పొడిలో స్టెరాయిడ్ కలిపారేమో చూడండి. ముఖం గుండ్రంగా ఉబ్బడం, షుగర్ పెరగడం, చర్మం పలచబడి కమిలిపోవడం దాని గుర్తులు. అనుమానం వచ్చినా ఒక్కరోజులో మానేయకండి, స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదకి వస్తుంది. డాక్టర్‌కి చూపించి మెల్లగా తగ్గించుకోవాలి.

వికటించిందని ఎలా తెలుస్తుంది? వెంటనే ఏం చేయాలి?

పెదవులు, నాలుక తిమ్మిరెక్కితే వత్సనాభి అనుకోవచ్చు. తలుపు చప్పుడుకే ఒళ్ళు విల్లులా బిగుసుకుపోతుంటే ముష్టి. కళ్ళ ముందు పసుపుపచ్చగా కనబడి, నాడి తప్పుతుంటే గన్నేరు. కానీ మీరు కనిపెట్టాల్సిన అవసరం లేదు. మందు తాగాక ఆగని వాంతులు, మగత, ఫిట్స్, గుండెదడ, ఊపిరి కష్టం, వీటిలో ఏది వచ్చినా 108కి ఫోన్ చేయండి. గురివింద గింజ కొరికి మింగిన పిల్ల మొదటి రోజు ఆడుకుంటూనే ఉండొచ్చు, బాగానే ఉందని ఆగకండి.

కక్కించకండి. ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు, పేడనీళ్ళు, చింతపండు నీళ్ళు ఏవీ పోయకండి. మగతలో ఉన్నవాళ్ళకి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఉప్పునీళ్ళతో ఒంట్లో సోడియం పెరిగి అది ఇంకో విషమవుతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నల్లజీడి నూనె ఒంటికి అంటితే బాగా కడగండి.

ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది: 1800 116 117. అమెరికాలో 1-800-222-1222, ఆస్ట్రేలియాలో 13 11 26, ఇంగ్లండ్‌లో 111.

నాటు మందు వాడామంటే డాక్టర్ తిడతారు. పోలీసు కేసు అవుతుందేమో?

తిట్టినా పడండి. దాస్తే వాళ్ళు కామెర్లకో జ్వరానికో వైద్యం మొదలుపెడతారు, విలువైన గంటలు పోతాయి. విషం కేసు కాబట్టి ఆసుపత్రి నుంచి పోలీసులకి కబురు వెళ్ళడం మామూలే. వాళ్ళు వచ్చి అడిగి రాసుకుంటారు, మీరు జరిగింది చెబుతారు. దానికి భయపడి ఎవరూ ఇంట్లో కూర్చోకండి.

వెళ్ళేటప్పుడు మిగిలిన మందు, నూరిన ఆకు, సీసా, పొట్లం కాగితం సంచిలో వేసుకెళ్ళండి. మొక్క ఇంటి దగ్గరే ఉంటే ఆకు, పువ్వు, కాయ మూడూ కనబడేలా ఫోన్‌లో ఫోటో తీయండి. ఎప్పుడు తాగారు, ఎంత తాగారు, అంతకుముందు ఏం తిన్నారు, ఈ మూడూ ఎవరైనా ఒకరు గుర్తుపెట్టుకోవాలి.

మంచి ఆయుర్వేద మందు అని ఎలా గుర్తుపట్టాలి?

లేబుల్ చదవండి. తయారీ లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, పూర్తి మూలికల జాబితా ఉండాలి. ఔషధ నిబంధనల్లో షెడ్యూల్ ఇ(1) అని విషద్రవ్యాల జాబితా ఉంది. వత్సనాభి, ముష్టి, ఉమ్మెత్త, గురివింద, నల్లజీడి, పాదరసం అందులోవే. అవి కలిసిన మందు మీద వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలని హెచ్చరిక ముద్రించాలి. షుగర్, క్యాన్సర్, పక్షవాతం నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం, అభ్యంతరకర మందుల ప్రకటనలపై 1954లో వచ్చిన చట్టం ప్రకారం నేరం. అలా రాసి ఉంటే ఇక లైసెన్స్ నంబర్ వెతకాల్సిన పని లేదు. రిజిస్టరైన ఆయుర్వేద డాక్టర్ మందు పేరు రాసిస్తారు. పేరు రాయని చోట కొనకండి.

అయితే ఇంట్లో ఏదీ చేసుకోకూడదా?

ఎందుకు, అల్లం, మిరియాలు, పసుపు పాలు, జీలకర్ర నీళ్ళు, వాము, తులసి, ఇవన్నీ కూరల్లోనూ పూజలోనూ రోజూ చూసేవే. కూరలో వేసేంత మోతాదులో తీసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. నేను పెట్టుకున్న లెక్క ఒకటే: మేక తినని ఆకు నేను తినను అని కాదు, మేక ఎన్నో తింటుంది. మా ఇంట్లో వంటకి వాడనిది ఏదీ మందుగా నూరను.

మిగిలిపోయిన నూనెలు, పొడులు ఏం చేయాలి?

ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే పారేయకండి, ఆసుపత్రికి కావాలి. అందరూ బాగుంటే సోడా సీసాల్లో, హార్లిక్స్ డబ్బాల్లో దాచినవన్నీ ఈ ఆదివారం బయటికి తీయండి. ఏదో తెలియనివి పారేయండి. తెలిసిన వాటి మీద తెలుగులో పేరు, తేదీ రాసి అంటించి, పిల్లలకి అందని పై అరలో పెట్టండి. తేనె సీసాని మాత్రం ఆ అరలో ఉంచకండి.